ఎడం

రాజురా దాటినంక గని ఫాటా కాడ
నా చాయ్ బండి.
బండి కింద రేకుడబ్బా,
డబ్బాల ఒక పాత చెద్దరు.
అది సలికి కప్పుకునేది కాదు.

పదకొండేండ్లల్ల ఆరుసార్లు పరిచిన.
ఆరోసారి ఓదెలుకు.
రాత్రి షిఫ్టు దిగి, టిఫిను హ్యాండిలుకు తగిలిచ్చి
కుడికి మలిగిండు.
ఇల్లు అగో, రోడ్డవతల, ఆకుపచ్చ తలుపు.
ఎదురుంగ బొగ్గు టిప్పరు.
ఇద్దరూ అనుకున్నరు
అవతలోడు ఆగుతడని.

ఎండకాలం వాన్‌ఖెడే సాహెబ్ వచ్చిండు.
మూడు దినాలు గొడుగు కింద కూసోని
మలిగేటి బండ్లకు గీతలు గీసిండు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
చక్కెర లేని చాయ్, రోజుకు ఆరు.
ఆయన ఎనకనే సిమెంటు దిమ్మెలొచ్చినయి.
ఫాటా నడుమ మూసిండ్రు.
బోర్డు మీద మరాఠీల: ఉజవీకడే వళణ బంద్.
కుడికి పోవాల్నంటే ముందుగాల ఎడమకు పో,
నాలుగు వందల మీటర్లు పోయి
గుండ్రంగ తిరిగి రా.

ఊరంత తిట్టింది.
ఇల్లు కండ్ల ముందట ఉండంగ
ఇంటికి ఈపు తిప్పి పోవుడేంది?
పెట్రోలు ఎవడు పోస్తడు?
ఓదెలు తమ్ముడే
దిమ్మె మీదికెల్లి సైకిలెత్తి అవతల దించిండు,
నా దిక్కు చూసి నవ్విండు.
నేను నవ్వలే.
నా గిరాకి సుత సగమాయె,
ఆగేటోళ్ళంత ఇప్పుడు ఆ మలుపు కాడనే ఆగుతున్నరు.

వానలు వడ్డంక ఆ మలుపుల
ఆటో పోయి ట్రాలీకి రాసుకుంది.
అద్దం పలిగింది, వంకాయలు దొర్లినయి.
ఇద్దరు నిలవడి తిట్టుకున్నరు,
తల్లుల దాంక పోయిండ్రు.
నిలవడి తిట్టుకునే మనుషులు
ఎంత ముద్దొచ్చిండ్రో ఆ పొద్దు!

కుడి అంటే కుడిచే చెయ్యి అని
మా అవ్వ నేర్పింది చిన్నప్పుడు.
ఎడమ సంగతి చెప్పలే.
ఇన్నేండ్లకు నేనే అనుకున్న:
ఒకడు పోయినంక ఒకడు వచ్చేటంత,
రెండు చక్రాల నడుమ ఒక ఊపిరంత
ఎడం.

దసర పోయింది, హోలీ పోయింది.
నిన్న డబ్బా మూత తీసిన,
చెద్దరు ఒక మూల ఎలుక కొరికింది.
ఉతికితే నీళ్ళల్ల బొగ్గుమసే దిగింది.
ఆరినంక మడిచి మళ్ళ అండ్లనే పెట్టిన.
ఏమో, రోడ్డు రోడ్డే గదా.

పొద్దుమూకంగ ఓదెలు పెండ్లాం పోసుబాయి
స్కూటీ మీద వస్తది,
గని క్యాంటీనుల పని ఇడిసినంక.
దిమ్మెల కాడ ఒక్క ఘడియ ఆగుతది.
ఎడమకు ఇండికేటరు ఏస్తది.
ఆ ఎర్రలైటు చిన్నగై చిన్నగై
మలుపుల మాయమైతది.
గిలాసలు కడుగుకుంట లెక్కవెడుత నేను,
అవతల ఆకుపచ్చ తలుపు తీసిన చప్పుడయ్యేదాంక.