తరుగు

ఎనుమాముల యార్డుల రాత్రి పదకొండు.
తేజ మిర్చి కుప్పల మీద లైటు వడి
ఎరుపు నల్లగైతాంది.
కాంటా బందువెట్టి, చిట్టీల పుస్తకం చంకల వెట్టుకొని
యాకూబ్ చాయ్ బండి కాడికి వొయ్యేసరికే
లొల్లి షురూ అయ్యింది.

ఓదెలు మీద సినిమా తీస్తరట.

"ఎవలు చెప్పిండ్రు?"
"హైదరాబాదు నుంచి ఇద్దరొచ్చి
షెడ్లన్ని ఫొటోలు గొట్టుకొని పోయిండ్రు.
ఒకాయన మాస్కు మీద మాస్కు వెట్టుకున్నా
తుమ్ముడు ఆపలే."

మొగిలి బస్తా దించినట్టు నవ్విండు.
"హీరో ఆరడుగులుంటడట!
మన ఓదెలును బస్తా కిందికెల్లి వంగి చూస్తెనే గదా
మనిషున్నడని ఎరుకయ్యేది.
ఎడమ భుజం జారి, మెడ కుడికి వాలి,
ఆ నడక ఎవలికొస్తది?
జిమ్ముల మోసేది బరువు గాదుర, అద్దం."

"మరి పాట?"
"బొంబాయి నుంచి తెస్తరట గొంతు."
"బొంబాయోనికి 'గింత' అంటే ఎంతనో తెలుస్తదా?"

తాజొద్దీన్ మాట్లాడలే.
పోచమ్మమైదాన్ల కాసెట్ల దుకాణం ఎత్తేసి పద్దెనిమిదేండ్లు,
అదే షటర్ కింద ఇప్పుడు ఫోన్ల కవర్లమ్ముతడు.
ఆ కాసెట్ రికార్డు చేసింది ఆయనే,
ఫ్యాన్ బంద్ చేసి, తలుపులకు గోనెసంచులు గొట్టి.
బి సైడు, రెండో పాట:

ఎత్తిన బస్తా దించొచ్చు గాని
దించిన సూపు ఎత్తుడెట్లనే

'సూపు' తర్వాత ఒక దగ్గుంటది.
ముప్పై ఏండ్ల మిర్చి ఘాటు, ఒక్క పెట్టున.
"మల్ల పాడన్నా, తుడిపేస్త" అన్నడట తాజొద్దీన్.
"ఉండనియ్యి తమ్మీ,
అది గూడ కూలిపైసలల్లనే వచ్చింది" అన్నడట ఓదెలు.

పెండ్లిండ్లల్ల, ఆటోలల్ల, సమ్మె టెంట్ల కింద
ఎవలు పాడినా అక్కడ దగ్గుడే.
నా చిన్నబిడ్డ బళ్లె పాడుకుంట సరిగ్గ అక్కడ దగ్గితె
పాపం టీచరమ్మ
నీళ్ల గ్లాసు వట్టుకొని ఉరికొచ్చిందట.

"సినిమాల అది తీసేస్తరు" అన్న నేను.
ఇరవై ఆరేండ్ల సంది కాంటా కాడ ఉన్నోన్ని.
బస్తాకు కిలో తరుగు,
తేమ కింద, తొడిమె కింద, దుమ్ము కింద.
రైతు మొఖం చూడకుంట రాసిన చెయ్యే ఇది.
తక్‌పట్టీల ఎనుక ఓదెలు పాటలు రాసుకున్న చెయ్యి గూడ ఇదే.

"తీస్తె తీయనియ్యి,
పేరన్న దేశమంత తెలుస్తది గదా"
అన్నడు యాకూబ్, గ్లాసులు కడుక్కుంట.
అది గూడ అబద్ధమేం గాదు.
ఎవలం కాదనలే.

అప్పటిదాక మూలకు రాలిన కాయలు ఊడ్చి
గంపకెత్తుతున్న సూరవ్వ నడుం నిలవెట్టింది.
ఓదెలు పోయినంక ఏడేండ్ల సంది
ఈ రాలినయే ఆమెకు తిండి.

"ఇంట్ల ఎన్నడన్న పాడిండా ఆయన?
ఉప్పునీళ్లు పుక్కిలించి, మెడకు గుడ్డ సుట్టుకొని,
అన్నిటికి సైగలే.
కూరల కారమెక్కువైనా సైగే.
తెల్లార్లు నేనే మాట్లాడేదాన్ని.
మొన్న సంతకం కాయిదం తెచ్చినోడు
నాకు ఏడుపు సీన్లున్నయన్నడు.
గవి మీరే ఏడ్వుండ్రి బిడ్డా,
నాకు జెర మాటలెక్కువ వెట్టుండ్రి అన్న."

చాయ్ల మీద మీగడ కట్టింది.
ఆయన పాటలన్ని నోటికొచ్చినోళ్లం,
ఆయన సైగ ఎట్లుంటదో
ఒక్కనికన్న తెల్వకపాయె.

ఏమనాల్నో తోచక
తాజొద్దీన్ ఫోన్ల ఆ పాట వెట్టిండు.
గరగర, డప్పు, గొంతు.
'సూపు' కాడికి రాంగనే అందరం ఊపిరి బిగవట్టినం.
ఆయన దగ్గిండు.
మేం దగ్గినం, మొగిలి జెర ఎక్కువనే దగ్గిండు.

సూరవ్వ దగ్గలే.
గంప పక్కన వెట్టి, బండి మీది చెంబు అందుకొని
అటు ఇటు చూసింది,
నీళ్లు ఎవలికియ్యాల్నో అన్నట్టు.