నాలుగో భాగం

తొమ్మిది సినిమాల వరసలో
అందరూ దాటేసే మెట్టు ఇది.
"అది లెక్కలోకి రాదు నానమ్మా,
ఐదోదాంట్లో దీని ఊసే ఉండదు" అంటాడు డెస్మండ్.
అయినా పెట్టమన్నాను.

పిట్స్‌బర్గ్‌లో ఫిబ్రవరి. నది మీద మంచు పెళ్లలు.
ఆ బస్సు నాది. స్టీరింగ్ మీద
ఆ ఉన్ని తొడుగుల చేతులు నావే. ముఖం పడలేదు.

శక్తులన్నీ పోగొట్టుకున్న వీరుడు
వంతెన దగ్గర చెయ్యెత్తి బస్సెక్కుతాడు.
చిల్లర కోసం ఒళ్లంతా తడుముకుంటాడు,
ఆ బిగుతు బట్టల్లో జేబేదీ?
ఎక్కవయ్యా అని తలూపాను.
తలుపు మూసుకుని అతని కేప్ ఇరుక్కుంది.
అది స్క్రిప్టులో లేదు.
"క్షమించండి" అన్నాడు నాతో,
లోకాన్ని మూడుసార్లు కాపాడినవాడు.
డైరెక్టరు కత్తెర వెయ్యడం మరిచాడో, మనసొప్పలేదో.

అప్పట్లో హాల్లో ఈ చోటే ఈలలేశారు.
ఎగరని వీరుడికి టికెట్టు దండగన్నారు.

డెస్మండ్ నవ్వలేదు.
ఫోను బోర్లా పెట్టి
"ఒకసారి వెనక్కి తిప్పు" అన్నాడు.
తిప్పాను.
మళ్లీ తలుపు. మళ్లీ కేప్.

ఇరవై రెండేళ్లు నడిపిన బస్సు
ఎందరు దిగిపోయారో గుర్తులేదు.
ఇతను మాత్రం
ఏ స్టాపులో దిగాలో
ఇంకా అడగనే లేదు.