ముందుగా పాదాలు

ఒసాకాలో నా బల్ల మీద
ఒక ముసలమ్మ ఎముకలు మూడేళ్ళుగా ఉన్నాయి.
నేనే గీశాను, ఒక్కొక్కటీ ఒక్కో తెలుపు.
మోకాటి చిప్పకి బియ్యం కడిగిన నీళ్ళ తెలుపు,
మెడ దగ్గరి చిన్నదానికి
కాలి చల్లారిన సున్నం తెలుపు.

ఆట ఇంతే:
దహనశాలలో ఇద్దరు, మనవడూ మేనత్తా.
చెరో జత పుల్లలు. ఒకే ఎముకను
ఇద్దరూ ఒకేసారి పట్టుకుని ఎత్తాలి.
(అన్నం దగ్గర ఇలా పుల్లతో పుల్లకి అందిస్తే
మా అమ్మ చేతి మీద ఒకటి వేసేది.)
ముందుగా పాదాలు, ఆఖర్న తల.
కుండలో ఆవిడ తలకిందులుగా కూర్చోకూడదు కదా.
ఒకరు తొందరపడితే జారిపోతుంది.
పాయింట్లు లేవు.

మా ఊళ్ళో ఆడినవాళ్ళు
ఏమీ అనలేదు. టీ అడిగారు.
ఒకాయన మాత్రం బూట్లు తొడుక్కుంటూ
"గొంతు ఎముక బాగా కుదిరింది" అన్నాడు.
బుద్ధుడు కూర్చున్నట్టుంటుంది అది.
ఆ ఒక్కదానికే నాకు పదకొండు రోజులు పట్టింది.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి.

షాంఘై పంపిణీదారు, ఎంతో మర్యాదగా:
ఎముకలు కనిపించకుండా చేయగలరా,
గులకరాళ్ళయినా పర్వాలేదు.
చేశాను.
మనవడు వాటిని ఏడుస్తూ ఎత్తుతుంటే
ఏటి ఒడ్డున ఏదో పారేసుకున్న పిల్లాడిలా ఉన్నాడు.
బాగానే ఉన్నాడు. అదే నాకు కోపం.

లైప్‌జిగ్‌లో ఒక పెద్దమనిషి నాలుగు పేజీలు రాశాడు.
రక్తం లేదు, ఆయుధం లేదు,
పన్నెండేళ్ళు దాటిన వాళ్ళు ఆడుకోవచ్చు.
చివర పెన్నుతో ఒక వాక్యం:
కొలిమి తలుపు మూసే చప్పుడు తగ్గించండి, దయచేసి.
ఎందుకో రాయలేదు.
నేను అడగలేదు. తగ్గించాను.

ఒహాయోలో కుర్రాళ్ళు గడియారం పెట్టుకుని ఆడారు.
రెండు నిమిషాల తొమ్మిది సెకన్లలో
ఆవిడ మొత్తం కుండలో.
కేకలు, ఈలలు, అరచేతులు చరుచుకోవడం.
ఆ వీడియో సగంలో కురామోచి గారు లేచి
వెళ్ళి కిటికీ తెరిచారు.
అదే గదిలో వెనకబెంచీ ఆవిడ, లొరెట్టా,
ఫారంలో 'మీకు నచ్చనిది' అన్న చోట రాసింది:
మా అమ్మ పోస్టులో వచ్చింది. అంతా పొడి.
ఎత్తడానికి ఏమీ మిగల్చలేదు వాళ్ళు.

అప్పటికీ నేను గర్వంగానే ఉన్నాను.
ఎముకంటే బెదిరేది వాళ్ళు, మేం కాదు అనుకుంటూ.

మెక్సికోలో, కాంపేచే దాటాక, పోముచ్ అనే ఊరు.
తొమ్మిదేళ్ళ వెన్సెస్లావో పెచ్ చెబుతుంటే
వాళ్ళ నాయనమ్మ ఎలిహియా రాసింది.
అక్కడ ఏటేటా పెట్టె దించి
తమవాళ్ళ ఎముకలు చేత్తో తుడుస్తారట,
బ్రష్షుతో, పాతబట్టతో,
ఏడాది కబుర్లన్నీ చెబుతూ.
కుర్రాడు అడిగినవి:
పుల్లలెందుకు, ముసలమ్మంటే మీకు అసహ్యమా?
మళ్ళీ ఏడాది ఆట ఏది?
కంట్రోలర్ వణుకుతోంది, ఆవిడకి చలేస్తోందా?

ఆ వణుకు నేను పెట్టించిందే.
మా అమ్మమ్మ మోకాటి చిప్పకి అటు కొసన
మావయ్య పుల్లలు అలాగే వణికాయి.
నా వేళ్ళకి ఇంకా గుర్తు.
దుఃఖం అనుకున్నాను,
ప్రోగ్రాం రాసే కుర్రాడికీ అదే చెప్పాను.
చలి అని ఎవరికీ తోచలేదు.

రాత్రి అందరూ వెళ్ళాక
పుల్లలు తీసేసి ఉత్త చేతులు గీశాను.
వేలికొస ఎముకకి తగిలేసరికి
కడుపులో తిప్పింది.
దొంగలా చెరిపేశాను.

ఇవాళ ఒక గుడ్డ గీస్తున్నాను.
తెల్లది. అంచున ఎర్రదారం పువ్వులు,
ఎలిహియా పంపిన ఫొటోలోలాగే
ఒక పువ్వు వంకరగా.
కురామోచి గారు నా భుజం మీంచి వంగి
"ఏ దేశానికి ఇది?" అన్నారు.
మూడో పువ్వు దగ్గర కుట్టు కుదరడం లేదు.
ఉండండి, అన్నాను.