పారిన మాట

చందంపేట పశువుల దవాఖానల
నాకొక కుర్చీ, మూడు రిజిస్టర్లు,
మూతకు తుప్పు పట్టిన మందుల డబ్బా.
గోడ మీద గాలికుంటు పోస్టరు, దాని మీద బల్లి.

జూన్‌ల రాసిన:
"గొర్రెలకు తాపిన నట్టల మందు పనిచేస్తలేదు సార్."
జూలైల రాసిన:
"అసలే పనిచేస్తలేదు. దయచేసి చూడగలరు."
ఆగస్టుల దయచేసి రెండుసార్లు రాసిన.
కాగితాలు దేవరకొండ దాక పోయినయి.
అక్కడ ఫ్యాను కింద, గాజుబిళ్ల కింద
మంచిగ పండుకున్నయి.

కడారి సోమన్న పొద్దుగాల్నే వస్తడు.
ఆయన కన్నా ముందుగాల తడిసిన గొంగడి వాసనొస్తది.
"నిన్న రెండు. ఇయ్యాల ఇంకోటి."
కూడిక చెప్పడు.
రిజిస్టర్‌ల నేనే కూడుకుంట.

సెప్టెంబర్‌ల ఒక మాపటీలి
మందు డబ్బాలోని మడతల కాగితం విప్పి
చీమ తలకాయంత అక్షరాలు చదువుకుంట కూసున్న.
అక్కడ దొరికింది
ఎఫికసీ.
నోట్లె వేసుకోని చూసిన.
పులుపు లేదు, వగరు లేదు,
పండ్లకు తగిలి టక్కుమన్న గాజు గోలీ.

"ల్యాక్ ఆఫ్ ఎఫికసీ అబ్జర్వ్‌డ్" అని రాసిన.
సంతకం గూడ ఆ మాటకు తగ్గట్టు
కొంచెం వంకర తిప్పిన.

ఎనిమిదో నాడు జీపొచ్చింది.
జీపులకెల్లి సారు, సారు ఎన్క ఇంకో సారు,
పెంటికలు ఏరుకపోను మూతలున్న సీసాలు.
"ఈ ఎఫికసీ పాయింట్ ఎవరు రాసిన్రు?"
నేనన్న.
మూడేండ్లల మొదటిసారి
సారు నా మొఖం దిక్కు చూసిండు.

ఇగ నన్ను పట్టుడు ఎవ్వరితోని గాలే.
కరెంటాఫీసు దరఖాస్తుల ఎఫికసీ,
మహిళా సంఘం తీర్మానంల ఎఫికసీ,
లీవు లెటర్‌ల జరం గోలీ ఎఫికసీ.
సరుకుల చీటీల బట్టల సబ్బు పక్కన రాస్తే
దుకాణం కిష్టమూర్తి అరలన్నీ దేవులాడి
"గీ కంపెనీది అయిపోయింది మేడం" అన్నడు.

సోమన్న అడిగిండు ఒకనాడు:
"ఏం రాసినవు బిడ్డా, గంత పెద్ద సారు ఉరికొచ్చిండు?"
"ఎఫికసీ అని రాసిన."
"అంటే?"
"అంటే... మందు తాపినంక... దాని ప్రభావ సామర్థ్యం..."

ఆయన గొర్రె తల మోకాళ్ల నడుమ ఇరికించి
బొటనేలుతోటి కింది రెప్ప గుంజిండు.
ఎర్రగ ఉండవలసిన కాడ
సున్నం.
"మందు పారలే అంటవు. గంతే గదా."

గంతే.
మా అమ్మమ్మ ఇంట్ల ఎత్తు పారేది, మంత్రం పారేది,
పసరు పోస్తె పారేది,
కాలువల నీళ్లు మడి చివరి దాక పోయినట్టు.
నాకు ఎరుకలేని మాట గాదు.
ఆఫీసు గడప ముంగట చెప్పులతోటి పాటు
దాన్ని గూడ ఇడిసి లోపలికి పోయేదాన్ని.

గొర్రెను ఇడిసిపెట్టి లేసిండు.
"పోనీ తియ్యి. మందు పారకున్నా నీ మాట పారింది."
నవ్వుతడనుకున్న. నవ్వలే.
రిజిస్టర్‌ల ముప్పై నాలుగు గీతలు.
ఇరవై ఆరు, జీపు రాకముందువి.

పోయేటప్పుడు చీటీ మీద ఆ మాట రాసియ్యమన్నడు.
తెలుగుల్నే పెద్ద పెద్దగ రాసిన: ఎఫికసీ.
తిప్పి మల్లి చూసి, నాలుగు మడతలు పెట్టి
బీడీకట్ట పక్కన అంగి జేబుల పెట్టుకున్నడు.
"బ్యాంకుల గూడ పారుతదా ఇది?"
ఏం చెప్పాలె?
రెండు లోన్లకు పారుతదేమో, మూడో లోనుకు
ఇంకో మాట తేవాల్నేమో.

నా మొఖం దిక్కు చూసి
బొటనేలు లేపిండు, రెప్ప కాడికి తేకుండనే ఆపిండు.
"నీకు గూడ తెల్లగుంటది బిడ్డా, చూస్తె.
మాపటికి వచ్చి పాలు పట్టుకపో.
ఏమీ రాయకు, చెంబు తెచ్చుకో."