ఊరికే ఉన్నప్పుడు ఎంత?

ఓస్త్రవాలో జనవరి. రాత్రి పదకొండున్నర.
ఆఖరి ట్రాము పట్టాల మీద మంచు నూరుకుంటూ పోయింది.
నా బల్ల మీద పక్కరేకు విప్పిన కంప్యూటరు,
పొట్ట చీల్చిన చేపలా.

నాలుగు వేల కొరూనాలకు పాతది కొన్నాను.
"దీన్ని ఇంకా పరుగెత్తించొచ్చు" అన్నాడు అమ్మినవాడు.
ఆ మాట మూడు రోజులుగా
చెవిలో జోరీగ.

బయోస్ తెర మీద గుణకం ముప్పై ఆరు.
నలభై నాలుగు చేద్దామని మీట మీద వేలు పెట్టానో లేదో
కింది నుంచి చీపురుకర్ర
నేలకు రెండు దెబ్బలు.

తరవాత తనే ఎక్కి వచ్చింది ద్రహోమీరా,
ఉన్ని శాలువా, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు.
"బోర్జెక్, నీ ఫ్యాను నా దిండులోకి దిగుతోంది."
ముప్పై ఒక్క ఏళ్ళు కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
కరిగిన ఇనుము రంగు చూసి
వేడి ఎంతో ముందు ఆమె చెప్పేదట,
పరికరం తరవాత ఒప్పుకునేదట.
ఒక్కసారి తప్పిందట.
ఎడమ కనుబొమ్మ సగమే ఉంది,
ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదు.

ఏం చేస్తున్నానో విని, అడిగింది:
"ఊరికే ఉన్నప్పుడు ఎంత?"
"ఎవరు?"
"నువ్వు కాదు. అది."

చూడలేదు. చూశాను.
ఏ పనీ లేదు, ఒక్క కిటికీ తెరిచి లేదు,
అరవై మూడు.

"కూర్చున్న చోటే జ్వరం దీనికి,
నువ్వేమో పందేనికి జీను కడుతున్నావు."

బరువు పెట్టి చూడమంది.
పెట్టాను. నిమిషం తిరక్కుండానే తొంభై ఏడు,
అక్కడ వేగం తనంతట తనే జారిపోయింది.
"చూశావా, అడుగు తగ్గించుకుంది.
నీకంటే ఇంగితం ఉంది."

కూలర్ ఊడదీశాం.
నాలుగు కాళ్ళలో ఒకటి బోర్డులో దిగనే లేదు.
పేస్టు బీటలు వారి
గోడ సున్నంలా పొడిపొడిగా రాలింది.
వోల్టేజ్ ఒకటి పాయింట్ నలభై రెండు,
అమ్మినవాడే పెంచి, చెప్పకుండా చేతులు కడుక్కున్నాడు.

దూదితో లోహానికి మందుల షాపు స్పిరిటు,
మాకు ప్లమ్ సారా.
రెండు సీసాలూ కలవకుండా ఆమే కాపలా కాసింది.
కొత్త పేస్టు బఠాణీ గింజంత.
ఇంకొంచెం పిండబోతే
చేతి మీద చిన్న దెబ్బ.

గళ్ళ పుస్తకం తెమ్మంది. గీతలు తనే గీసింది,
స్కేలు లేకుండా, తిన్నగా.
గంట. గుణకం. వోల్టేజ్. ఊరికే. బరువుతో.
అన్నిటికంటే ముందు, గది.
"గది ఎంతో రాయకపోతే
మిగతా అంకెలన్నీ పుకార్లు."
గది పంతొమ్మిది.
వోల్టేజ్ దాని మానాన దాన్ని వదిలేస్తే
ఊరికే ముప్పై నాలుగు, బరువుతో అరవై ఎనిమిది.

ముప్పై ఏడు. అరగంట.
ముప్పై ఎనిమిది. మరో అరగంట.
ఇంత నెమ్మదిగానా పరుగు నేర్పేది అనిపించింది,
అనలేదు.
నలభై దగ్గర డెబ్బై తొమ్మిది రాసేసరికి
ఆమె కుర్చీలోనే నిద్రపోయింది.
పెన్సిలు ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.
ఫ్యాను ఎంత మెత్తగా తిరుగుతోందంటే
ఆమె గురక వినపడింది.

మర్నాటి రాత్రి ఒక్కణ్ణే ఉన్నాను.
పుస్తకం మూసి పెట్టి
నలభై ఒకటి చేశాను.
ఎనభై ఒకటి. ఎనభై నాలుగు. ఎనభై ఏడు.
ఫ్యాను గొంతు పెంచింది.

కింద చీపురుకర్ర
రెండు సార్లు తట్టింది.

నలభైకి దించాను.
పుస్తకం తెరిచి ఆ వరుస కూడా రాశాను,
గది ఎంతో చూసి.