ఎనిమిదో బుట్ట

మూతపడ్డ నూలుమిల్లు మూడో అంతస్తులో మా ఆఫీసు.
పోలండ్‌లో వూచ్ నగరం, ఫిబ్రవరి.
రేడియేటర్ మీద ఆరేసిన మేజోళ్ళు,
ఆరుగురం, నాలుగు కుర్చీలు.
మేం చేస్తున్న ఆటలోనూ ఒక నూలుమిల్లే.
అందులో మాత్రం ఒకామె తిరుగుతుంటుంది.

స్తెఫానియా అని మాకే తెలుసు.
ఆటలో ఆమెకు పేరు లేదు.
చీకట్లో కండెల బుట్టలు లెక్కపెట్టుకుంటూ వస్తుంది:
యెదెన్, ద్వా, త్షి...
షెదెమ్ దగ్గర ఆగుతుంది. ఏడు.
ఊపిరి పీల్చుకుని
వెనక్కి తిరుగుతుంది.
అప్పుడు గనక నువ్వు కంటపడితే
ఆట అయిపోయినట్టే.

ఏడు దగ్గరే ఎందుకని
ఇరవై రెండేళ్ళుగా వాదించుకుంటున్నారు ఆడినవాళ్ళు.
ఏడు పాపాలన్నారు.
చచ్చిపోయిన ఏడుగురు కూలీలన్నారు.
ఒక పెద్దమనిషి ఏకంగా బైబిల్ తీశాడు.

నిజం చెబితే నవ్వుతారు.
డిస్కులో చోటు చాల్లేదు.

కాయెతాన్ రాసిన మొదటి కథలో బుట్టలు ఎనిమిది.
మిల్లు అంటుకున్న రాత్రి
కొడుకుని బుట్టలో దాచి, పైన తడిగుడ్డ కప్పి
నీళ్ళకోసం పరిగెత్తింది.
తిరిగొచ్చేసరికి పొగ.
ఏ బుట్టో తెలియలేదు.
అందుకే ఆ లెక్క.

పిల్లాడి జుట్టుకీ చొక్కాకీ పదకొండు మెగాబైట్లు.
సెవెరిన్ సీసాలోంచి ఊరదోసకాయ తీసి కొరుకుతూ
"భయపెట్టమన్నాను గానీ
ఏడిపించమన్నానా?" అన్నాడు.

ఆ గురువారమే ఇంకా చాలా పోయాయి.
మూడో హాలు లోపల కురిసే వాన.
అద్దమున్న లిఫ్టు
(అద్దం పెడితే ప్రతిదీ రెండుసార్లు గీయాలి).
మూడుకాళ్ళ కుక్క. కుంటుతూ మెట్లెక్కడం
దానికి నేనే నేర్పాను, తొమ్మిది రోజులు పట్టింది.
ఒక తాళం తీసేశాం, తాళంచెవి తియ్యడం మరిచాం.
ఇప్పటికీ దొరుకుతుందది,
చివరిదాకా జేబులో ఉంటుంది,
దేన్నీ తెరవదు.

గదిని చెరిపేద్దామని చూస్తే
పడుగులోంచి ఒక్క పోగు లాగినట్టు
పక్కగదులన్నీ కూలిపోయాయి.
అందుకని తలుపు మటుకు తీసేసి
ఎనిమిదో బుట్టతో సహా ఆ గదిని
నేలకింద నలభై మీటర్ల లోతుకు దించాను.
పిల్లాడి రంగులు పోయాయి, ఆకారం మిగిలింది:
బూడిద బొమ్మ, ముఖం లేదు,
రెండు చేతులూ బార చాపి.
కదలిక ఇంకా ఇవ్వని ఏ బొమ్మయినా
అలాగే నిలబడుతుంది.
మా పనిలో అది మామూలే.

ఈ వసంతంలో ఆట మళ్ళీ కొత్తగా చేస్తున్నాం.
చోటుకిప్పుడు కొదవ లేదు.
ఆట విడుదలైన ఏడు పుట్టిన డోబ్రోహ్నా
పాత ఫైళ్ళు తవ్వి ఒక శబ్దం వినిపించింది.
ఒక్క సెకను పైచిల్లర.
ఓషెమ్.
కింద క్యాంటీన్ నడిపిన హల్ష్కా గొంతు.
రెండు వందల జ్లోటీలకు అన్ని అంకెలూ చదివింది,
ఏడుదాకా మేం చెప్పినట్టు, గరగరగా.
ఎనిమిది మాత్రం
నిద్రపోతున్న వాణ్ణి లేపుతున్నట్టు.

"ఇది తిరిగి పెట్టేద్దామా?" అంది డోబ్రోహ్నా.
మధ్యాహ్నం సూప్ చల్లారింది.
చూద్దాం అన్నాను.

అందరూ వెళ్ళాక పాత మ్యాప్ తెరిచి
నేలలోంచి కిందికి దిగాను.
ఉన్నాడు.
ఇరవై రెండేళ్ళుగా ఎత్తిన చేతులు ఎత్తినట్టే.
వాడికి ఒక కదలిక రాశాను, ఒక్కటే:
చేతులు దించి
బుట్టకు ఆనుకుని కూర్చోవడం.
తలుపు పెట్టలేదు.

పైన స్తెఫానియా
ఏడు దగ్గర ఆగినప్పుడు
వెనక్కి తిరగబోయేముందు
అర సెకను కలిపాను.

పొద్దున్నే డోబ్రోహ్నా తప్పుల జాబితాలో రాసింది:
"ఏడో బుట్ట దగ్గర ఆలస్యం. ఏదో విన్నట్టు
తల కొంచెం కిందికి వంచుతోంది."

తల వంచడం నేను రాయలేదు.

"తప్పు కాదు" అని రాసి
మూసేశాను.