చెక్కుబందీ

రాజోలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా
రేకుల పందిరి కింద నా బల్ల.
పగలు దస్తావేజులు రాస్తాను.
రాత్రి, ఎవరూ అడక్కపోయినా, ఒక లంకని రాస్తాను.

పదకొండేళ్ళుగా రాస్తున్నాను.
దాని పేరు వెలిమేట. గోదారి ఏ పాయలోనూ లేదు.
ముందు ఒండ్రు పోశాను, దాని మీద రెల్లు మొలిపించాను,
పోటు ఏ జాముకొస్తుందో, పాటుకి ఎన్ని బారలు తీస్తుందో
పున్నమి పున్నమికీ పట్టీ గీశాను.
బురదకి పద్నాలుగు పేర్లు పెట్టాను:
కాలు దిగేది, దిగిన కాలు రానివ్వనిది,
ఆరితే పెంకులు లేచేది, ఇంకా.
అక్కడి నాణెం మీద ఎండ్రకాయ బొమ్మ.
రేవు దాటడానికి అర నాణెం, దూడకి పావు.

రేవు సిద్ధం. పడవ సిద్ధం.
ఎక్కేవాళ్ళు లేరు.

జిరాక్సు కొట్టు ఇమ్మానుయేలు
కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూనే చదివేస్తాడు.
"ఊరు బ్రహ్మాండంగా కట్టారండి," అన్నాడొకసారి,
"అద్దెకెప్పుడిస్తారండీ?"

నిజం చెప్పాలంటే వారం రోజులు
వేరే కొట్టుకెళ్ళాను, కాపీకి అర్ధరూపాయి ఎక్కువైనా.
నేల లేకుండా మనిషి ఎక్కడ నిలబడతాడు?
ఈ సీమంతా ఎలా వచ్చింది? ముందు మట్టి వచ్చింది.
తర్వాతే కదా తగువులు.

ఆశ్రేష కార్తె ముసురులో వచ్చింది
గుబ్బల పళ్ళాలమ్మ,
చేతిలో చెప్పులు, ప్లాస్టిక్ కవరులో పాత పట్టా.
డెబ్బై సెంట్లు. మనవరాలి పేర రాయాలి.
సర్వే నంబరు చూసి పెన్ను మూశాను.
"అమ్మా, ఇది ఏటికోతలో పోయి ఇరవై రెండేళ్ళు.
మీరు రాయమంటున్నవి నీళ్ళు."
"ఏరు తీసుకుంది, ఏరే ఇత్తాది.
మీరు రాయండి బాబూ."

రిజిస్టరు కాదని తెలుసు.
అయినా ఎందుకో చెక్కుబందీ అడిగాను.

"తూర్పు, మా తోటికోడలు బేబమ్మ అరిటితోట.
మేక మేసిందని తొమ్మిదేళ్ళు మాటల్లేవు.
తోట ఏట్లో కలిసిన రాత్రి
ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని గట్టు మీద కూకున్నాం.
అప్పుడూ మాటాడుకోలేదు.
దక్షిణం, పడవల మేస్త్రీ కొయ్యలు పాతిన చోటు.
మంచోడే. ఆడు తాగిన రోజు
కొయ్యలు మా ఏపు నడిచొచ్చేవి.
పడమర, ఏరు. అప్పుడింకా దూరంగా ఉండేది,
పిలిత్తే ఇనపడనంత.
ఉత్తరం..."

రేకుల మీద వాన చప్పుడు.
ఆమె కొంగుతో పట్టా తుడిచింది, తడవకపోయినా.
"ఉత్తరం వదిలెయ్యండి బాబూ. కాళీగా ఉంచండి."

పాతికేళ్ళ ఈ పనిలో
మూడు హద్దుల భూమి రాయలేదు నేను.
రాశాను.

ఆ రాత్రి వెలిమేట నోటుబుక్కు తెరిస్తే
నాలుగు వైపులా నేను గీసిన నీళ్ళు,
ఎవరూ ఎవరి గట్టూ జరపని నేల,
పద్నాలుగు బురదల్లో ఒక్కదాంట్లోనూ
ఒక్క అడుగు దిగి లేదు.
ఇమ్మానుయేలుదే ఒప్పని ఒప్పేసుకుందామనుకున్నాను.
కానీ ఆ డెబ్బై సెంట్లే లేకపోతే
ఆవిడకి ఉత్తరం ఎక్కడిది?
దాచుకోడానికైనా ఒక దిక్కుండాలి కదా.

నిద్ర పట్టలేదు. లేచి
దూడ అన్న మాట కొట్టేసి మేక అని రాశాను.
వెంటనే దాని చార్జీ దగ్గర గొడవ మొదలైంది.

పొద్దున్నే పాత కొట్టుకే వెళ్ళాను.
ఒకే ఒక్క పేజీ. వెలిమేట రేవు,
చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతున్న ఒకావిడ,
వెనక మేక, ముందు డెబ్బై సెంట్లు,
మూడు హద్దులు.

ఇమ్మానుయేలు యంత్రం మూత ఎత్తాడు.
పచ్చని వెలుగు మొహం మీద పడి అక్కడే ఉండిపోయింది.
కాగితం తిప్పడం మర్చిపోయాడు.
"ఉత్తరాన ఎవరుండేవారండీ?"

"నాకూ తెలీదబ్బాయ్."

రూపాయి ఇవ్వబోతే తీసుకోలేదు.
"తెలిసాక ఇద్దురుగానీండి."